ఆ అనామకుడికి పేరుంది

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో ‘లాలూచీ కుస్తీ’ అనే శీర్షికతో అమెరికా ప్రొఫెషనల్ రెజ్లింగ్ మీద వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. హల్క్ హోగన్ గురించీ, అండర్‌టేకర్ గురించీ, జాన్ సీనా గురించీ అందులో రాసినవాటితో నాకు పెద్దగా పేచీ లేదు. నా పేచీ అంతా ఒక్క వాక్యంతోనే. 1985లో జరిగిన మొదటి రెసిల్‌మేనియాలో (ఇప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ అంటున్న రెజ్లింగ్ కంపెనీ ఏటా జరిపే పెద్ద ప్రదర్శన) కింగ్‌కాంగ్ బండీ అనే భారీకాయుడు ‘ఎవరో ఒక అనామకుణ్ణి 9 సెకన్లలో మట్టి కరిపించాడు’ అని మీ వ్యాసకర్త రాశారు. అంత చిన్న వాక్యంలో రెండు తప్పులు దొర్లాయి. ఆ మనిషి అనామకుడు కాదు, ఆ వ్యవధి 9 సెకన్లూ కాదు. (ఆ రింగులో మట్టి కూడా ఉండదు; ఆ సంగతి తర్వాత మనవి చేస్తాను.) ఇది అచ్చుతప్పు అయితే ఉత్తరం రాసేవాణ్ణి కాదు. కానీ విజయనగరం జిల్లా ఉన్నత పాఠశాలల్లో మూడు దశాబ్దాలకు పైగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, గెలిచిన పిల్లలకంటే ఓడిన పిల్లల్నే ఎక్కువగా చూసినవాణ్ణి కాబట్టి, ఓడినవాడి పేరు రాయకుండా వదిలేసే ఈ అలవాటు గురించి కొంచెం వివరంగా చెప్పాలనిపించింది.

ఆయన పేరు ఎస్.డి. జోన్స్. ప్రేక్షకులు ‘స్పెషల్ డెలివరీ’ జోన్స్ అనేవారు. మన క్రికెట్ అభిమానులకు బాగా తెలిసిన వివియన్ రిచర్డ్స్ పుట్టిన ఆంటిగ్వా దీవే ఈయన స్వస్థలం కూడా. 1985 మార్చి 31న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బండీ ఎదుట నిలబడే నాటికి ఆయన ఆ కంపెనీ రింగుల్లో ఏళ్ల తరబడి చెమటోడ్చిన మనిషి. అంతకు కొద్ది నెలల ముందు, 1984 చివర్లో, ఆండ్రే ద జెయింట్ అంతటివాడి జుట్టును ప్రత్యర్థులు రింగులోనే కత్తిరించిన ఘట్టం రెజ్లింగ్ చూసేవారందరికీ గుర్తే. ఆ రాత్రి ఆండ్రేకు జోడీగా దిగింది ఈ జోన్సే. ఆ రోజుల్లో ప్రసిద్ధ రెజ్లర్ల రబ్బరు బొమ్మలు చేసి పిల్లలకు అమ్మిన కంపెనీ హోగన్ బొమ్మతో పాటు జోన్స్ బొమ్మను కూడా చేసి అమ్మింది. దుకాణాల్లో బొమ్మగా అమ్ముడుపోయిన మనిషిని అనామకుడనడం ఎలా కుదురుతుందో నాకు అర్థం కాలేదు. ఆయన 2008 అక్టోబరులో కన్నుమూశారు.

ఇక కాలం సంగతి. ఆ పోటీ 9 సెకన్లలో ముగిసిందని ఆ రోజు ప్రకటించింది కంపెనీయే. కొత్తగా వచ్చిన బండీని భయంకరుడిగా చూపించడానికి అదొక ఎత్తు. ఆ దృశ్యాన్ని ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. గంట మోగిన క్షణం నుంచి గడియారం పట్టుకుని లెక్కపెడితే 24 సెకన్లు పడుతుంది. జోన్స్ ముందుకు దూకడం, బండీ ఆయన్ను ఒడిసి పట్టి మూలకు విసరడం, ఆ మూలలోనే తన బరువంతా వేసి అదమడం, కింద పడినవాడి మీద మళ్లీ పడడం, రిఫరీ మూడు లెక్కపెట్టడం అన్నీ ఆ వ్యవధిలోనే జరిగాయి. అంటే పాపం ఆ మనిషి నిలబడినదే 24 సెకన్లు, అందులోనూ 15 సెకన్లు లెక్కలోంచి కొట్టేశారు. మీ పత్రిక కూడా నలభై ఏళ్ల తర్వాత ఆ కొట్టివేతనే ఖాయం చేసింది. మరొక చిన్న మాట: ఈ బండీ వేరు, మన పెద్దవాళ్లు దారాసింగ్ పేరుతో కలిపి చెప్పుకునే కింగ్‌కాంగ్ వేరు. ఆ పాత కింగ్‌కాంగ్ హంగరీ దేశీయుడు, మన దేశానికి వచ్చి, దారాసింగ్ చేతిలో ఓడినవాడు. మా ఊళ్లో కాస్త ఒళ్లున్న కుర్రాణ్ణి ఇప్పటికీ ‘పెద్ద దారాసింగు బయల్దేరాడు’ అంటారు. దారాసింగ్‌ను దారాసింగ్‌గా నిలబెట్టిన ఆ రెండో మనిషి పేరుతో ఎవరూ ఎవర్నీ పిలవరు.

గెలుపోటములు ముందే నిర్ణయమయ్యే ఆ వ్యాపారంలో, ఓడడానికే దిగే జోన్స్ వంటివారిని ‘జాబర్’ అంటారు. ఓడిపోవడాన్ని ‘జాబ్ చేయడం’ అంటారు కాబట్టి ఆ పేరు వచ్చింది; మన దగ్గర ‘డ్యూటీ చేసి వచ్చాను’ అన్నంత మామూలుగా అంటారు. ఇంకో మాట కూడా ఉంది, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది: ‘కార్పెంటర్’, అంటే వడ్రంగి. కొత్తగా వచ్చిన కండల వీరుడికి రింగులో అడుగులు నేర్పి, అతని పట్లలోని లొసుగులు ప్రేక్షకుడి కంట పడకుండా కప్పిపుచ్చి, అతణ్ణి కొండంత మొనగాడిగా చూపించి, చివరికి తాను వెల్లకిలా పడి పనిని రక్తి కట్టించగల పాతకాపును వాళ్లు అలా పిలుచుకుంటారు. పెళ్లిపీట మీద కూర్చున్న వరుణ్ణి ఊరంతా చూస్తుంది, పీట చెక్కింది ఎవరని అడిగేవారుండరు.

మీ శీర్షిక విషయానికి వస్తాను. మన భాషలో లాలూచీ కుస్తీ అన్నది తిట్టు. ఇద్దరు వస్తాదులు లోపాయికారీగా కూడబలుక్కుని, పందెం కాసినవాళ్ల కళ్లలో దుమ్ముకొట్టి, వచ్చిన సొమ్మును చెరిసగం పంచుకోవడం దాని అసలు అర్థం. అక్కడ మోసపోయేవాడు ఒకడుంటాడు. ప్రొఫెషనల్ రెజ్లింగ్ కూడా చాలాకాలం తన గుట్టును కాపాడుకుంటూ వచ్చిన మాట నిజమే. రింగులో శత్రువులుగా కనిపించేవాళ్లు బయట ఒకే కారులో తిరగకూడదనీ, ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేయకూడదనీ కట్టుబాట్లుండేవి. కానీ 1989లోనే న్యూజెర్సీ రాష్ట్ర చట్టసభ ముందు, ఇది వినోద ప్రదర్శనే తప్ప పోటీ క్రీడ కాదని ఆ కంపెనీ తనంతట తాను ఒప్పుకుంది. సత్యం మీద మమకారంతో ఒప్పుకున్నారని అనుకోనక్కర్లేదు, క్రీడా నియంత్రణ సంఘం పర్యవేక్షణనూ, దానితో పాటు వచ్చే ఖర్చులనూ వదిలించుకోవడానికి ఒప్పుకున్నారు. ఏదేమైనా అప్పటి నుంచి అందులో రహస్యమేమీ లేదు. మన పల్లెల్లో పౌరాణిక నాటకం చూడడానికి చాప చుట్టుకుని వచ్చినవాడికి దుర్యోధనుడి తొడలు విరుగుతాయని తెలియదా? తెలిసే తెల్లవార్లూ కూర్చుంటాడు. దుర్యోధన పాత్రధారి ఆ రాత్రి బాగా పడిపోయాడా లేదా అన్నదే మర్నాడు టీకొట్టు దగ్గర చర్చ. దాన్ని లాలూచీ యుద్ధమని ఎవరూ అనలేదు.

ఫలితం ముందే నిర్ణయమైంది కాబట్టి దెబ్బలు కూడా ఉత్తుత్తివే అనుకోవడం మరో పొరపాటు. చిన్నప్పుడు మా వీధి తాలింఖానాలో మూడేళ్లు కుస్తీ నేర్చుకున్నాను. అక్కడ గోదాలోని ఎర్రమట్టిని రోజూ పారతో తవ్వి, రాళ్లేరి, నూనె కలిపి మెత్తగా చేసేవాళ్లం; అంత మెత్తని మట్టిలో పడినా సాయంత్రానికి నడుము పట్టేసేది. ఈ రెజ్లింగ్ రింగులో మట్టి లేదు. ఇనుప దూలాల మీద చెక్క పలకలు, వాటి మీద పలుచని స్పాంజి పొర, పైన బిగించి కట్టిన గుడ్డ. దాని మీద పడడానికి ఒక పద్ధతి ఉంది. గడ్డం ఛాతీకి ఆనించి తల వెనక్కి వాలకుండా చూసుకోవాలి, వీపు పైభాగమంతా ఒకేసారి నేలకు తగలాలి, రెండు చేతులూ పక్కలకు చాచి అరచేతులతో నేలను చరచాలి. ఆ చరుపు చప్పుడే మనకు దెబ్బలా వినిపిస్తుంది. ఏమాత్రం తేడా వచ్చినా తల వెనుక భాగమో, తోకఎముకో పలకకు కొట్టుకుంటుంది. ఇలా పడడం నేర్వనివాణ్ణి అసలు రింగులోకి రానివ్వరు. తారగా వెలిగేవాడు ఒక పోటీలో ఒకటి రెండుసార్లు పడితే, ఓడవలసినవాడు పదిసార్లు పడాలి; అదీ వారానికి నాలుగైదు రాత్రులు, ఏడాదికేడాది. చేతివృత్తుల్లో ఒళ్లు ఇంతగా అరిగిపోయే వృత్తి మరొకటి ఉందేమో గానీ, ఇంతగా నవ్వులపాలయ్యే వృత్తి మాత్రం ఇంకొకటి లేదు.

తర్వాతి కాలంలో పెద్ద పేరు తెచ్చుకున్న మిక్ ఫోలీ 1986లో జాక్ ఫోలీ అన్న పేరుతో ఇలాగే ఓడిపోవడానికి పిలిపించుకున్న కుర్రాడు. బ్రిటిష్ బుల్‌డాగ్స్ అనే జట్టులోని ఒకతను చెయ్యి చాచి కొట్టిన దెబ్బకు అతని దవడ దెబ్బతిని, కొన్ని వారాల పాటు గట్టి పదార్థం నమలలేకపోయాడు. 1999లో డారెన్ డ్రోజ్డోవ్ అనే రెజ్లర్‌ను ఎప్పుడూ వేసే మామూలు పట్టులోనే ఎత్తి పడేస్తుంటే మెడ విరిగింది. 2023లో చనిపోయేవరకు ఆయన చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు. ఆ పోటీలోనూ ఎవరు గెలవాలన్నది ముందే రాసి ఉంది.

వాళ్ల బతుకుతెరువు గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. పూర్వం అక్కడ ఇప్పటిలా దేశమంతా ఒకే పెద్ద కంపెనీ ఉండేది కాదు. 1948లో ఏర్పడిన నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ కింద నిర్వాహకులు దేశాన్ని ప్రాంతాలుగా పంచుకుని, ఎవరి ప్రాంతంలో వాళ్లు ప్రదర్శనలు నడిపించేవారు. మన సురభి సమాజాలు ఒక ఊళ్లో మకాం ఎత్తేసి మరో ఊరికి పోయినట్టే, ఒక ప్రాంతంలో ముఖం పాతబడగానే రెజ్లర్ తన పెట్టె కారులో వేసుకుని ఇంకో ప్రాంతానికి పోయేవాడు. అక్కడ అతని పేరు మారేది, ఊరు మారేది, కొన్నిసార్లు ముసుగు వచ్చి చేరేది. తారలకు కొత్త ప్రాంతంలో కొత్త వైభవం దొరికేది, మనం మాట్లాడుకుంటున్న మనిషికి మాత్రం కొత్త ప్రాంతంలోనూ పాత పనే. ఎనభైల్లో టెలివిజన్ పెరిగాక ఈ పని ఒక కర్మాగారంలా తయారైంది. ఒకే రాత్రి మూడు వారాల కార్యక్రమాలను వరసగా చిత్రీకరించేవారు. పేరున్నవాడు వచ్చి పేరులేనివాణ్ణి రెండు మూడు నిమిషాల్లో ఓడించి, కెమెరా ముందు నిలబడి, వచ్చే నెల మీ ఊళ్లో జరిగే పెద్ద పోటీకి టికెట్లు కొనండని చెప్పి వెళ్లేవాడు. అందువల్ల ఒకే మనిషి ఒకే రాత్రి రెండు మూడుసార్లు, వేర్వేరు వారాల కోసం, వేర్వేరు వీరుల చేతుల్లో ఓడిపోవడం మామూలు విషయమైపోయింది. చూసేవాడికి వారానికొక ఓటమి, పడినవాడికి అన్నీ ఒకే రాత్రి వీపు మీద.

ఇంత చేసినా వాళ్లు ఆ కంపెనీకి ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. కాబట్టి యజమాని కట్టే ఆరోగ్య బీమా ఉండదు, పింఛను ఉండదు, సంఘం ఉండదు. 1986లో జెస్సీ వెంచురా అనే రెజ్లర్, తర్వాత మిన్నెసోటా రాష్ట్రానికి గవర్నర్ అయినవారే, అందరినీ కూడగట్టి సంఘం పెట్టాలని చూశారు. ఆ కబురు యజమానికి చేరడంతో ప్రయత్నం మొదట్లోనే ఆగిపోయింది. చేరవేసింది ఎవరన్నది కొన్నేళ్ల తర్వాత కోర్టు వ్యవహారంలో బయటపడింది: మీ వ్యాసంలో అర పేజీ ఆక్రమించిన హల్క్ హోగనే. 2025 జూలైలో హోగన్ పోయినప్పుడు తెలుగు పత్రికలన్నీ ఆయనకు ఘనంగా నివాళులర్పించాయి. పోయినవారి గురించి చెడు మాట్లాడడం నాకూ ఇష్టం లేదు గానీ, నెల నెలా జీతం రాళ్లు లెక్కపెట్టుకుని ఉపాధ్యాయ సంఘం చందా కట్టినవాణ్ణి కాబట్టి ఈ ఒక్క విషయం మింగుడుపడక రాస్తున్నాను.

ఈ గోలంతా ఈ ముసలాయనకెందుకు తెలుసునని మీకు అనుమానం రావచ్చు. దానికి కారణం మా పిల్లలు. తొంభైల్లో మా వీధుల్లోకి కేబుల్ టీవీ రాగానే కుర్రాళ్లందరికీ ఈ పిచ్చి పట్టింది. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి ఏడుసార్లు బతికాడని ప్రమాణం చేసి చెప్పేవారు. గంటస్తంభం దగ్గరి దుకాణాల్లో రెజ్లర్ల ట్రంప్ కార్డులు కొనుక్కొచ్చి, లెక్కల పీరియడ్‌లో బల్లల కింద ఆడేవారు. ఒక్కో కార్డు మీద ఒక్కో రెజ్లర్ ఫొటో, ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండ చుట్టుకొలత, ఆడిన పోటీలు, గెలిచిన పోటీలు ఉండేవి. లెక్కల మాస్టారు లాక్కున్న కార్డులన్నీ చివరికి నా బల్ల సొరుగులోకే చేరేవి. పదవీ విరమణ రోజున సొరుగు ఖాళీ చేస్తే ఒక కట్టంత తేలాయి. పారేయడానికి మనసొప్పక ఇంటికి తెచ్చుకున్నాను. ఆ కార్డుల్లో నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసేది ఒక్క సంగతి. ‘గెలిచిన పోటీలు’ అనే గడి ఉంది గానీ ‘ఓడిన పోటీలు’ అనే గడి లేదు. కావాలంటే ఆడినవాటిలోంచి గెలిచినవి తీసేసి మనమే లెక్క కట్టుకోవాలి. ఆ తీసివేత మా పిల్లలు ఏ పరీక్షలోనూ చేయనంత వేగంగా చేసేవారు. ఎక్కువ ఓడినవాడి కార్డు చేతికొస్తే ‘పోయిందిరా’ అని మొహం వేలాడేసేవారు.

అలా వాళ్లు మొహం వేలాడేసే కోవకు చెందినవాడే బారీ హోరోవిట్జ్. ఏళ్ల తరబడి టీవీలో వారం వారం ఓడిపోయిన ఈయన తన వీపు తానే తట్టుకునేవాడు. ఎవరూ భుజం తట్టరు కాబట్టి తన చేత్తో తానే తట్టుకోవడం ఆయన ప్రత్యేకత. చొక్కా వెనుక భాగాన అరచేతి ముద్ర కూడా వేయించుకున్నాడు. 1995లో స్కిప్ అనే గర్విష్ఠి మీద ఉన్నట్టుండి గెలిచినప్పుడు వ్యాఖ్యాత తన కళ్లను తానే నమ్మలేనట్టు అరిచాడు. ఆ ఏడాది ఆగస్టులో సమ్మర్‌స్లామ్ అనే పెద్ద ప్రదర్శనలోనూ అతణ్ణే మళ్లీ ఓడించాడు. కొన్ని వారాల వెలుగు, ఆ తర్వాత మళ్లీ మామూలే.

డ్వేన్ గిల్ కథ ఇంకా విచిత్రం. మేరీల్యాండ్‌కు చెందిన ఈయన తొంభైల్లో చాలాకాలం పేరు కూడా సరిగా పలకని పోటీల్లో ఓడిపోతూ వచ్చాడు. అప్పట్లో పోటీ కంపెనీలో గోల్డ్‌బర్గ్ అనే మల్లుడు వరసగా 173 పోటీలు గెలిచాడని ఊదరగొడుతుంటే, దాన్ని ఎగతాళి చేయడానికి గిల్‌కు ‘గిల్‌బర్గ్’ అని పేరు పెట్టి పంపారు. గోల్డ్‌బర్గ్ వచ్చేటప్పుడు నిప్పురవ్వల ఫిరంగులు పేలితే, గిల్‌బర్గ్ వచ్చేటప్పుడు ఇద్దరు మనుషులు కాకరపువ్వొత్తులు వెలిగించి పట్టుకునేవారు. ఈయనకే, ఆ వేషం కట్టకముందు, 1998 నవంబరులో లైట్ హెవీవెయిట్ బెల్టు దక్కింది. అది ఆయన దగ్గర దాదాపు 15 నెలలు ఉండిపోయింది, ఎందుకంటే ఆ బెల్టును పట్టించుకున్నవాళ్లే లేరు! ఇటువంటివారంతా కలిసి ఆ రోజుల్లోనే ‘జాబ్ స్క్వాడ్’ అని ఒక బృందంగా ఏర్పడి, ‘నన్ను పడగొట్టు, నా డబ్బులు నాకివ్వు’ అన్న అర్థం వచ్చే నినాదాన్ని చొక్కాల మీద అచ్చు వేయించుకున్నారు. కూలివాడి మాట అంత సూటిగా చెప్పిన నినాదం నేను మరొకటి చూడలేదు.

మీ వ్యాసకర్త జిందర్ మహల్‌ను మాత్రం పేరుతో ప్రస్తావించారు. కెనడాలో పుట్టిన ఈ పంజాబీ కుటుంబీకుడు ముగ్గురు నవ్వులాటగాళ్ల జట్టులో ఒకడిగా ఓడిపోతూ గడిపి, 2014లో ఉద్యోగం పోగొట్టుకుని, 2016లో తిరిగి వచ్చి, 2017 మే 21న రాండీ ఆర్టన్‌ను ఓడించి అదే కంపెనీలో అత్యున్నత బెల్టు గెలుచుకున్నాడు. నిజంగా గొప్ప విషయమే. కానీ చివరికి గెలిచాడు కాబట్టి అతని ఓటములు కూడా లెక్కలోకి వచ్చాయి, చివరిదాకా గెలవనివాళ్లవి రాలేదు. నాకు ఆ రెండోవారి మీదే మనసు. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలిలో ఈ కంపెనీ ప్రదర్శన జరిగినప్పుడు నా పూర్వ విద్యార్థి ఒకడు రైలెక్కి వెళ్లి చూసి వచ్చాడు. జాన్ సీనాను చూశానని గంటసేపు చెప్పాడు. ఆ రాత్రే వీర్, సాంగా అనే ఇద్దరు భారతీయ రెజ్లర్లు మన గడ్డ మీద, మన జనం ముందు, కెవిన్ ఓవెన్స్, సామీ జేన్‌ల చేతిలో ఓడిపోయారు కదా, అదెలా అనిపించిందిరా అని అడిగితే కాసేపు ఆలోచించి, వాళ్లు బాగానే ఆడారు మాస్టారూ అన్నాడు. సీనాతో తలపడి ఓడిన ఇద్దరి పేర్లూ అడిగాను. గుర్తులేవన్నాడు. లుడ్‌విగ్ కైజర్, జొవానీ విన్చీ అని నేనే చెప్పవలసి వచ్చింది.

మన ప్రాంతానికి ఈ విషయం ఇంకా బాగా అర్థం కావాలి. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు గారు ‘కలియుగ భీముడు’ అనిపించుకుని, సర్కస్ కంపెనీ పెట్టి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకుని, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులు తెంచి దేశదేశాల్లో పేరు తెచ్చారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం, విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం నిలబెట్టుకున్నాం, అదంతా సబబే. అయితే ఆ ఏనుగును కొలతగా అడుగు వేయించి, కొలతగా దింపిన మావటి ఎవరో, ఆయన ఛాతీ మీద పలక సర్దిన చేతులు ఎవరివో మనలో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆ మావటి ఒక్క క్షణం పరాకుపడితే ఇవాళ విగ్రహం ఉండేది కాదు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఊరు మనది. పక్కవాద్యం విలువ ఎంతో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

నా తప్పు కూడా ఒకటి ఒప్పుకుని ముగిస్తాను. చాలా ఏళ్ల క్రితం మా పాఠశాల వార్షికోత్సవానికి భీమ జరాసంధుల మల్లయుద్ధం వేయించాను. పదమూడు రోజుల యుద్ధాన్ని పది నిమిషాలకు కుదించి, తాలింఖానాలో నేర్చిన పట్లన్నీ ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలకు నేర్పాను. భీముడి వేషం వేసినవాడు ఒళ్లున్నవాడు, తొడ బాగా చరిచేవాడు, అంతకుమించి వాడికి ఏమీ రాదు. పనంతా జరాసంధుడిదే. గడ్డిమూటలు పరిచి, వాటి మీద నెల రోజుల పాటు సాయంత్రాలు వాడి చేత పడడం అభ్యాసం చేయించాను. భీముడు ఎత్తేటప్పుడు వీడే ఎగరాలి, భీముడు విసిరేటప్పుడు వీడే దొర్లాలి, భీముడికి ఊపిరాడకపోతే వీడే కిందపడి కాసేపు ఆట ఆపాలి. ఉత్సవం నాడు గడ్డిమూటలు లేవు, బల్లలు కలిపి కట్టిన వేదిక. వాడు పడిన ప్రతిసారీ బల్లలు దద్దరిల్లి, ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు ‘అయ్యో’ అన్నారు. తెర పడ్డాక ముఖ్య అతిథిగారు బహుమతి ఎవరికివ్వాలని అడిగితే, నేను ఆలోచించకుండా భీముడి పేరు చెప్పాను. స్టీలు గ్లాసు వాడికి వెళ్లింది. తెర వెనక మోచేతులు గీరుకుపోయి, రంగు తుడుచుకుంటున్న రెండోవాడు నా దగ్గరికొచ్చి, ‘మాస్టారండీ, నాను బాగా పడ్డానా?’ అని అడిగాడు. బాగానే పడ్డావులే అని, భీముడి వాళ్ల నాన్న పిలుస్తుంటే అటు వెళ్లిపోయాను. మర్నాడు మీ పత్రిక జిల్లా పేజీలో వచ్చిన వార్తలో కూడా భీముడి పేరే ఉంది. ఆ వార్త రాసి విలేకరికి ఇచ్చింది నేనే.

కాబట్టి వ్యాసకర్తను మాత్రమే తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను కోరేది చిన్న సవరణ. ‘లాలూచీ కుస్తీ’ అన్న శీర్షికను ఎలాగూ వెనక్కి తీసుకోలేరు, పోనివ్వండి. వచ్చే ఆదివారం అనుబంధంలో, ఏ మూలనైనా సరే, 1985 మార్చి 31న కింగ్‌కాంగ్ బండీ చేతిలో ఓడినవారు ఆంటిగ్వాకు చెందిన ఎస్.డి. జోన్స్ అని వేయగలరు. అలా వేసేటప్పుడు 9 కాక 24 సెకన్లు అని కూడా సరిచేయగలరని ప్రార్థన.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
విజయనగరం.